రెండు మిల్లీమీటర్ల తేడా

నోటీసు బోర్డు ముందు మూగిన గుంపులోకి ఫస్టమ్మ తీరిగ్గా వెళ్ళింది. తనకెన్ని మార్కులొస్తాయో మార్కులు వేసే మాస్టారికంటే ముందే ఆమెకు తెలుసు. సర్వే ప్రాక్టికల్లో యాభైకి నలభై తొమ్మిది. ఆ ఒక్కటీ ఎక్కడ పోయిందో కూడా తెలుసు, చేతిరాత పేరు చెప్పి ఒకటైనా కొయ్యకపోతే మాస్టారికి తిన్నది అరగదు. "మళ్ళీ నువ్వేనే తల్లీ!" అని ఎవరో అంటే "అవునా? చూసుకోలేదే!" అంది. డిప్లొమాలో ఇది ఐదో సెమిస్టరు. ఐదింటిలోనూ ఆమే ఫస్టు కాబట్టి ఆ పేరు స్థిరపడింది. ఆశ్చర్యం నటించడానికి కూడా మార్కులుంటే అందులోనూ ఆమే ఫస్టు.

నిజానికి ఆమె కళ్ళు వెతికింది తన నంబరు కాదు, ఎందుకమ్మ నంబరు. ఎందుకమ్మ ఆమె బాబాయి కూతురు. బాబాయి ఏడాది పొడవునా లారీ మీదే ఉంటాడు కనక ఆ పిల్ల ఊహ తెలిసినప్పట్నుంచీ వీళ్ళింట్లోనే ఉంటోంది. ఇద్దరికీ ఒకే గది, ఒకే అలమర, ఒకే కాలేజీ, చివరికి ఒకే క్లాసు. పాఠం మధ్యలో లేచి "ఎందుకు సార్?" అనకుండా ఆమెకు గంట గడవదు. ఆ పేరు క్లాసంతా కలిసి పెట్టిందని చెప్పుకుంటారు గాని, అందులో అక్కగారి చెయ్యే పెద్దది.

పద్దెనిమిది.

ఫస్టమ్మ ప్రాణం చల్లబడింది. ఉన్నమాట చెప్పుకోవాలి, నలభై తొమ్మిది చూసినప్పటికంటే పద్దెనిమిది చూసినప్పుడే ఎక్కువ చల్లబడింది.

ఆ ప్రాక్టికల్ ఏమంత బ్రహ్మవిద్య కాదు. కాలేజీ గేటు పక్కన ఎత్తు చెక్కిన రాయి ఒకటుంది. అక్కడ బయల్దేరి, మూడు కాళ్ళ స్టాండు మీద దుర్బీను లాంటి లెవెలు బిగించి, దాని కంటిలోంచి చూస్తూ, ఎదురుగా ఇంకొకరు నిలబెట్టిన స్టాఫు అనే పొడుగాటి కొలకర్ర మీద అంకెలు చదవాలి. అలా చదువుకుంటూ కొత్తగా కడుతున్న వర్క్‌షాపు షెడ్డు దాకా పాతిన ఆరు మేకుల ఎత్తులూ రాసుకుని, మళ్ళీ చదువుకుంటూ గేటు రాయి దగ్గరికే తిరిగి రావాలి. రాయి ఎక్కడికీ పోదు కాబట్టి బయల్దేరిన ఎత్తూ తిరిగొచ్చిన ఎత్తూ ఒకటే కావాలి. ఎప్పుడూ కాదు. ఎంత తేడా వస్తే అంత మార్కుల కోత. అందుకని పిల్లలు చివర్లో ఏదో ఒక అంకె దిద్దేసి లెక్క కలిపేస్తారు. దీన్ని క్లాసులో వంట అంటారు. ఫీల్డు బుక్కు పెన్సిలుతోనే రాయాలని రూలు పెట్టిన మహానుభావుడెవరో గాని వంటవాళ్ళ పక్షమే అయ్యుంటాడు.

ఆ రోజు ఫస్టమ్మకు పది సెంటీమీటర్ల రెండు మిల్లీమీటర్ల తేడా వచ్చింది. పది సెంటీమీటర్లంటే చిన్నాచితకా తేడా కాదు, ఎక్కడో స్టాఫు మీద ఒక గడి తప్పు చదివింది. ఆ సంగతి చూడగానే తెలిసిపోయింది, తెలివితేటలకి తక్కువ లేదు. వెళ్ళేటప్పుడు తప్పిందో, వచ్చేటప్పుడు తప్పిందో మాత్రం తెలీదు. నాలుగింటికి పుస్తకాలు ఇచ్చెయ్యాలి, ఇంకా ఇరవై నిమిషాలుంది. సైకిల్ స్టాండు గోడ మీద కూర్చుని, చిట్టచివరి అంకెని రబ్బరుతో చెరిపి, పది సెంటీమీటర్లు సర్ది, పొట్టు ఊదేసింది. మిగిలిన రెండు మిల్లీమీటర్లనీ ముట్టుకోలేదు. సున్నా తేడా చూపించేవాడు పచ్చి వంటవాడు, రెండో మూడో ఉంచితేనే మాస్టారు నమ్ముతాడు.

ఎందుకమ్మకి ముప్ఫై నాలుగు మిల్లీమీటర్లు వచ్చింది. మళ్ళీ మొదలెట్టింది. జోడీగా ఉన్న పిల్ల విసుగెత్తి వెళ్ళిపోతే గేటు దగ్గర వాచ్‌మన్ని బతిమాలి అతని చేత స్టాఫు పట్టించింది. రెండోసారి కూడా తేడా ఎక్కడ వచ్చిందో దొరకలేదు. మర్నాడు ఆలస్యంగా పుస్తకం ఇస్తూ అడుగున రాసింది: "తేడా ముప్ఫై నాలుగు. రెండుసార్లు చూశాను. మూడో మేకు దగ్గర నేల మెత్తగా ఉంది, స్టాండు దిగబడి ఉండొచ్చు." ఆలస్యానికి పది కోత, తేడాకి మిగతా కోత.

సాయంత్రం నాన్న వచ్చి పెరట్లో కుళాయి దగ్గర కాళ్ళకంటిన సిమెంటు తోముకుంటుంటే అమ్మ వంటింట్లోంచే దండోరా వేసింది. "ఏమండోయ్, పెద్దదానికి నలభై తొమ్మిదట! మళ్ళీ ఫస్టు!"

"ఊఁ. బాగుంది," అన్నాడు నాన్న. ఆయన తాపీ మేస్త్రి. ముప్ఫై ఏళ్ళుగా గోడలు లేపుతున్నాడు. ఆ 'ఊఁ' అనేది గోడ నిలువుగా ఉన్నప్పుడు అనే ఊఁ. నిలువుగా ఉన్న గోడని ఎవరూ రెండోసారి చూడరు.

తువ్వాలుతో మొహం తుడుచుకుని ఆయన రెండో వైపు తిరిగాడు. "నీకెన్నే, చిన్నదానా?"

"పద్దెనిమిది పెదనాన్నా."

"పద్దెనిమిదా! ఏమొచ్చిందే నీకు?" అని వరండా మెట్టు మీద చతికిలబడ్డాడు. కోప్పడటానికి కాదు. "ఏదీ, మొదట్నుంచీ చెప్పు."

చెప్పింది. ఆయన అడుగడుగునా అడ్డం తగిలాడు. "మెత్తటి నేలని నీకెలా తెలుసు? కాలేసి చూశావా? స్టాండు ఎంతసేపు అక్కడుంచావు? అయితే రెండోసారి కూడా అక్కడే పెట్టావా? మతి ఉందా నీకు?" తడివేలితో గచ్చు మీద గీతలు గీశాడు. ఎప్పుడో ఓ నీళ్ళ ట్యాంకు కడుతుంటే ఒక పక్క అంగుళం దిగబడి యజమాని పరుగెత్తుకొచ్చిన కథ చెప్పాడు. ఇద్దరూ పగలబడి నవ్వారు. నలభై నిమిషాలు. ఫస్టమ్మ గదిలో కూర్చుని గోడ గడియారం చూసి మరీ లెక్కపెట్టింది.

 తను ఫస్టు తెచ్చుకున్న ఐదుసార్లూ కలిపినా నాన్న తనతో నలభై నిమిషాలు మాట్లాడి ఉండడు. ఫస్టు తెస్తే ఒక ఊఁ, తప్పితే నలభై నిమిషాలా? అసలు ఆ పిల్లకి తప్పడం చాతయింది, తనకి కాలేదు, అంతేనా తేడా? తన నాన్న, తన వరండా, తన మెట్టు.

"అలా మూతి ముడుచుకుని కూర్చున్నావేమే? ఫస్టొచ్చినదాని మొహమేనా అది?" అంది అమ్మ, ఉతికిన బట్టల మూట మంచం మీద పడేస్తూ.

"తలనొప్పి," అంది ఫస్టమ్మ.

మర్నాడు మూడో పీరియడ్లో క్లాసు గుమ్మం దగ్గర నాన్న ప్రత్యక్షమయ్యాడు. వర్క్‌షాపు షెడ్డు పని ఆయనదే, కాలేజీ ఆవరణలోనే రెండు నెలలుగా ఉంటున్నాడు గాని క్లాసు గుమ్మం ఎప్పుడూ తొక్కలేదు. చెప్పులు బయట విప్పేసి నిలబడ్డాడు. షెడ్డు నుంచి గేటు దగ్గరి వీధి కాలవ దాకా మురుగునీటి కాలవ కట్టాలట. పిల్లలు తీసిన లెవెళ్ళు ఎలాగూ ఉన్నాయి కదా, వాటిలో మంచి పుస్తకం ఒకటి మేస్త్రికివ్వండి అని సూపర్‌వైజరు పంపాడట.

సర్వే మాస్టారు దొంతర్లోంచి పైది లాగి ఇచ్చాడు. "ఇంకెవరిది? మీ అమ్మాయిదే. రెండు మిల్లీమీటర్లంటే రెండు మిల్లీమీటర్లే తేడా. నా సర్వీసులో ఇలాంటి పుస్తకాలు నాలుగో ఐదో చూసుంటాను."

నాన్న చేతులు తువ్వాలుకి రెండుసార్లు తుడుచుకుని గాని పుస్తకం అందుకోలేదు. అందుకుని క్లాసులోకి చూశాడు. ముందు బెంచీలో ఫస్టమ్మ మీద ఆగాయి ఆ కళ్ళు.  పుస్తకాన్ని తువ్వాల్లో చుట్టి చంకలో పెట్టుకుని వెళ్ళాడు. ఫస్టమ్మకి ఒళ్ళంతా పులకరించింది. ఆ వెంటనే గుర్తొచ్చింది.

పది సెంటీమీటర్లు.

'ఏం కాదు,' అని తనకి తనే చెప్పుకుంది. తప్పు తిరిగొచ్చేటప్పుడే జరిగి ఉండొచ్చు కదా? అలాగైతే వెళ్ళేటప్పుడు రాసిన ఆరు మేకుల ఎత్తులూ సరైనవే. సగానికి సగం అవకాశం ఉంది. తనలాంటిదానికి సగమేమిటి, ముప్పాతిక ఉంటుంది. పీరియడు అయిపోయేసరికి ఆ ముప్పాతికా కాస్తా పూర్తిగా నమ్మకమైపోయింది.

మధ్యాహ్నం భోజనం బెల్లు కొట్టగానే షెడ్డు దగ్గరికి పరుగెత్తింది. నాన్న బోర్లించిన తట్ట మీద కూర్చుని ఉన్నాడు. ఏ మేకు దగ్గర ఎంత లోతు తవ్వాలో లెక్కగట్టి చెప్పమన్నాడు. ఆమె సిమెంటు బస్తా మీద కాగితం పెట్టుకుని ఆరు లోతులూ లెక్కగట్టింది. గేటు వైపు మొదటి మేకు, షెడ్డు వైపు ఆరోది. నీళ్ళు ఆరు నుంచి ఒకటికి దిగాలి. నాన్న అడుగుతాడని ఎదురుచూసింది. మూడుకీ నాలుగుకీ మధ్య లోతు ఒక్కసారి ఎందుకు పెరిగిందే, అని. అడిగితే బాగుండునని సగం మనసు, అడక్కపోతే బాగుండునని సగం మనసు.

ఆయన కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. "నువ్వు చూశాక ఇంకేం?" అన్నాడు.

అంతే. ఆ లోతుల ప్రకారం మేకు నుంచి మేకుకి దారం కట్టి తవ్వకం మొదలెట్టారు.

మూడు రోజుల్లో తవ్వకం అయిపోయింది. కాంక్రీటు వెయ్యబోయే ఉదయం ఫస్టమ్మ వెళ్ళేసరికి ఎందుకమ్మ అప్పటికే అక్కడుంది. భుజాన చుట్టగా వేసుకున్న నీళ్ళ ట్యూబు. మేస్త్రీలకి అదే లెవెలు. పారదర్శకమైన గొట్టంలో నీళ్ళు పోస్తే రెండు చివరలా ఒకే ఎత్తున నిలుస్తాయి. కుక్కపిల్లలాగా ఆదివారాలు నాన్న వెనకే తిరిగి అది పట్టుకోవడం నేర్చుకుంది ఆ పిల్ల.

"పెదనాన్నా, పోసేముందు ఒక్కసారి ట్యూబు పెట్టి చూద్దామా? నాలుగో మేకు దగ్గర అడుగు పల్లంగా ఉన్నట్టు లేదూ?"

నాన్న గట్టు మీద గొంతుక్కూర్చుని, ఒక కన్ను మూసి కాలవ పొడుగునా చూశాడు. చాలాసేపు చూశాడు. కళ్ళు నులుముకున్నాడు. "నాకూ అలాగే అనిపిస్తోందే. కాని ఏడాదిగా టేపు మీద అంకెలే మసగ్గా ఉంటున్నాయి. కళ్ళు మోసం చేస్తాయి. పుస్తకంలో తేడా రెండు మిల్లీమీటర్లు."

"అయినా చూస్తే పోయేదేముంది? పది నిమిషాల పని."

ఫస్టమ్మకి అరికాలి మంట నెత్తికెక్కింది. నాన్న మొదటిసారి తనని నమ్ముకుని పని చేస్తుంటే, అందులోనూ ఈ పిల్లే దూరాలా? ఇక్కడ కూడా ఇదేనా? "పద్దెనిమిది మార్కులు తెచ్చుకున్నదానివి, నువ్వు నా పుస్తకం దిద్దుతావా?" అంది. గట్టిగానే అంది. కాంక్రీటు కలుపుతున్న పనివాళ్ళు పారలు ఆపి చూశారు.

ఎందుకమ్మ మొహం ఎర్రబడింది.  భుజం మీద ట్యూబు సర్దుకుని నాన్న వైపు చూసింది.

"ఊరుకోండే, ఇద్దరూ," అన్నాడు నాన్న. "చిన్నదానా, అక్క చూసిందిలే. అక్కర్లేదు." పనివాళ్ళ వైపు తిరిగి, "పొయ్యండ్రా!" అన్నాడు.

తట్టలు కదిలాయి. నాలుగో మేకు దగ్గర పడిన తట్టలు ఫస్టమ్మ చూడలేదు. ఆ మాటకొస్తే ఎటూ చూడలేదు. గెలిచినందుకు సంతోషించాలని చాలా ప్రయత్నించింది.

కాంక్రీటు గట్టిపడ్డాక, సోమవారం ఉదయం, సూపర్‌వైజరు వచ్చి షెడ్డు చివర నిలబడి "వదలండి" అన్నాడు. డ్రమ్ముడు నీళ్ళు వంచారు. ఆరో మేకు దాటాయి, ఐదో మేకు దాటాయి, గలగలమంటూ నాలుగో మేకు దగ్గరికొచ్చాయి. అక్కడ ఆగాయి. కాసేపు సుడి తిరిగి, పైకి లేచి, వెనక్కి పాకడం మొదలెట్టాయి. గేటు వైపు కాలవ పొడిగానే ఉంది. గది కిటికీల్లోంచి క్లాసు క్లాసంతా చూస్తోంది.

"ఏం మేస్త్రీ!" అన్నాడు సూపర్‌వైజరు. "కాలవ కట్టమంటే తొట్టి కట్టావేంటి? గేదెల్ని కడగాలా ఇందులో?" పనివాళ్ళలో ఎవరో కిసుక్కుమన్నారు. "ముప్ఫై ఏళ్ళ అనుభవం అని నిన్ను పెట్టుకుంది ఇందుకా? నీళ్ళు ఎటు పోతాయో చిన్నపిల్లాడికి కూడా తెలుస్తుందయ్యా!"

"నాదే తప్పు సార్," అన్నాడు నాన్న. "దారం జారి ఉంటుంది. పగలగొట్టి మళ్ళీ పోస్తాను. కూలి నేనే పెట్టుకుంటా."

"లెవెళ్ళు సరిగ్గానే ఉన్నాయా అసలు?"

"వాటికేం సార్. బంగారంలా ఉన్నాయి. అది నేను కట్టిన దారమే."

ఆ మాట కిటికీ దాకా వినిపించింది. ఫస్టమ్మకి తల కొట్టేసినట్టయింది. నాన్న చొక్కా విప్పి గట్టు మీద పెట్టి, గడ్డపార అందుకుని నీళ్ళలోకి దిగాడు. పనివాళ్ళకి చెప్పకుండా తనే మొదటి దెబ్బ వేశాడు. పక్క బెంచీలోంచి ఎందుకమ్మ ఒకే ఒక్కసారి అక్క వైపు చూసింది. తర్వాత పుస్తకంలోకి తల వంచేసుకుంది.

సాయంత్రం నాన్న కుళాయి దగ్గరికి కూడా వెళ్ళలేదు. మోకాళ్ళ దాకా సిమెంటు బూడిదతో మెట్టు మీద కూర్చుండిపోయాడు. అమ్మ కాఫీ తెచ్చిస్తే పక్కన పెట్టాడు.

"ఇక లెవెలు చూసే పనులు ఒప్పుకోనే," అన్నాడు అమ్మతో. "కంటికి పల్లంగా కనబడింది. కన్ను తప్పనుకున్నా. కన్ను తప్పు కాదు, దారం కట్టింది తప్పు. అంటే అంకెలు చదివే కన్నూ పోయింది, దారం కట్టే చెయ్యీ పోయింది. గోడలకి పూత పనులు చూసుకుంటా."

"చాల్లెండి! ఒక్క కాలవకే చెయ్యి పోతుందా? కళ్ళ డాక్టరుకి చూపించుకోమని ఎన్నాళ్ళుగా మొత్తుకుంటున్నా?"

"చిన్నదానా," అని పిలిచాడు. "రేపట్నుంచి సెలవు దొరికినప్పుడల్లా వచ్చి టేపు చదివిపెట్టవే."

"అలాగే పెదనాన్నా."

గదిలో ఫస్టమ్మ విన్నది. తననెందుకు పిలవలేదని పాత మంట ఒకటి భగ్గుమంది. ఆ మంట మీద తనకే అసహ్యం వేసింది. ఇంత జరిగినా ఇదేనా? నాన్న ముప్ఫై ఏళ్ళ పనిని తను ఒక రబ్బరు ముక్కతో చెరిపేసింది. అయినా ఇంకా పిలుపు కోసం కుళ్ళుకుంటోంది.

ఎందుకమ్మ వచ్చి మంచం మీద బట్టలు మడతపెట్టడం మొదలెట్టింది. అక్క దుస్తులొక దొంతర, తనవి ఒక దొంతర.

"చెప్పెయ్యకపోయావా?" అంది ఫస్టమ్మ, మొహం గోడ వైపు తిప్పుకుని.

"ఏం చెప్పాలి? నీ పుస్తకంలో ఏముందో నాకేం తెలుసు? అది నీకే తెలియాలి."

"ఎగతాళి చెయ్యాలనుంటే చెయ్యి."

ఎందుకమ్మ చేతిలో దుప్పటి అంచులు కలిపి, విదిలించి, మళ్ళీ కలిపింది. "నీకో మాట చెప్పనా అక్కా? పెదనాన్న నా మాట ఒక్కటి నమ్మడు. నేను రెండంటే, రెండో కాదో చూపించమంటాడు. ప్రతిదీ తిరగేసి బోర్లేసి అడుగుతాడు. నువ్వేదైనా చెబితే మాత్రం ఒక్క ముక్క అడగడు. పుస్తకం తువ్వాల్లో చుట్టుకుపోయాడు చూశావా ఆ రోజు? నా పుస్తకం ఎప్పుడైనా అలా పట్టుకున్నాడా? నేను బెంచీలో కూర్చుని ఏడ్చినంత పని చేశా. కుళ్ళు అంటే అది."

ఫస్టమ్మ గోడ వైపు తిరిగిన మొహం ఇటు తిప్పింది. ఎందుకమ్మ మడతల్లోంచి తల ఎత్తలేదు. వరండాలో ఆ నలభై నిమిషాలూ ఆమెకి మరోలా కనిపించాయి. అది ముచ్చట్లాడటం కాదు. మేస్త్రి గోడకి గుండు వేలాడదీసి నిలువు చూసుకోవడం. తన గోడ నిలువుగా ఉందనుకున్నాడు, అందుకే చూడలేదు. 

మర్నాడు కాలేజీకి వెళ్ళగానే ముందు సర్వే మాస్టారి గదికి వెళ్ళింది. నిలబడే చెప్పేసింది, చివరి అంకె దిద్దానని, ఎంత దిద్దానో కూడా. ఆయన రిజిస్టరు మూసి చిరునవ్వు నవ్వాడు.

"వండనివాడెవడమ్మా ఈ క్లాసులో? నువ్వు కాస్త రుచిగా వండావు, అంతే. మార్కులు పైకి పంపేశాను. ఇప్పుడు నలభై తొమ్మిదిని కొట్టేస్తే వంద కాగితాలు రాయాలి, నాకు తలనొప్పి, నీకు నామోషీ. కాలవ సంగతి మేస్త్రి ఎలాగూ తనదే తప్పన్నాడుగా? వెళ్ళి చదువుకో."

మార్కులు ఎక్కడికీ పోవని తెలిసి ఆమెకి హాయిగా ఉండాలి. చెవుల్లో సీసం పోసినట్టుంది. ఆయన గదిలోంచి తిన్నగా షెడ్డు దగ్గరికి నడిచింది.

అప్పటికే నాన్నా పనివాళ్ళూ కాంక్రీటు పెళ్ళలు బయట గుట్ట పోస్తున్నారు. సూపర్‌వైజరు గొడుగు నీడలో నిలబడి ఇంకా సణుగుతున్నాడు. ఆయన వెళ్ళేదాకా ఆగుదామని అనిపించింది. ఆగితే ఇంక చెప్పలేనని తెలుసు.

"నాన్నా, దారం సరిగ్గానే కట్టావు," అంది. "నా అంకెలే తప్పు."

నాన్న పెళ్ళ పట్టుకునే తల ఎత్తాడు.

"గేటు దగ్గరికి తిరిగొచ్చేసరికి నాకు పది సెంటీమీటర్లు తేడా వచ్చింది. ఎక్కడ పోయిందో నాకు తెలీదు. వెతకలేదు. ఆఖరి అంకె చెరిపేసి కలిపేశాను. రెండు మిల్లీమీటర్లు నమ్మడానికి ఉంచాను."

"పదా?" అన్నాడు సూపర్‌వైజరు. "పది సెంటీమీటర్లా? మేస్త్రీ, నీ కూతురేనా ఈమె?"

 నాన్న పెళ్ళని గుట్ట మీద పెట్టి, చేతులు దులుపుకుని గట్టెక్కి వచ్చాడు. కొడతాడేమో అనుకుంది. కొడితే బాగుండుననుకుంది.

"ఎన్ని మార్కులేశారు దానికి?"

"నలభై తొమ్మిది."

ఆయన కాలవ వైపు తిరిగాడు. "పది పోయిందని చెప్పుంటే కాలవంతా వెతుక్కునేవాణ్ణి కదే," అన్నాడు. గొంతులో కోపం లేదు, అదే భరించలేకపోయింది ఆమె. "రెండు మిల్లీమీటర్లన్నావు. ఇంకెక్కడ వెతకను? నా కళ్ళని వెతుక్కున్నా. నా చేతుల్ని వెతుక్కున్నా. రాత్రంతా ఆ దారం ఎక్కడ జారిందో గుర్తు చేసుకుంటూ పడుకున్నా. జారందే గుర్తెలా వస్తుంది?"

ఫస్టమ్మ ఏడుపు ఆపుకోలేదు. పనివాళ్ళు మొహాలు తిప్పుకున్నారు.

"ఏడుపు తర్వాత. వెళ్ళి లెవెలు పట్టుకురా. మళ్ళీ చూడు. ఎంత తేడా వస్తే అంతే రాసుకురా. ఇంత పోయిందని తెలిస్తే నేను సర్దుకోగలను. తెలీకపోతేనే నా చేత కాదు."

స్టాఫు ఎందుకమ్మ పట్టుకుంది. ఎవరూ పిలవలేదు, క్లాసు ఎగ్గొట్టి వచ్చింది. గేటు రాయి దగ్గర మొదలెట్టారు. ఫస్టమ్మ స్టాండు కాళ్ళు ఒక్కోటీ తొక్కి దిగేసింది, బుడగ మధ్యలోకి వచ్చేదాకా మరలు తిప్పింది, మధ్యకొచ్చాక చెయ్యి తీసి ఊపిరి బిగబట్టి మళ్ళీ చూసింది. ఇదివరకు కంటికి ఆనగానే అంకె చదివి రాసేసేది, బాగా వేగం. ఈసారి గడి కింద గడి లెక్కపెట్టుకుంటూ చదివి, రాసి, మళ్ళీ కన్నానించి చదివింది. "అక్కా, ఎండకి మాడిపోతున్నానే!" అని అరిచింది ఎందుకమ్మ, స్టాఫు వెనకనుంచి. "మార్కులిస్తారా ఏంటి దీనికి?"

"నోరు మూసుకుని తిన్నగా పట్టుకో."

నాలుగో మేకు ఎత్తు పాత పుస్తకంలో కంటే పది సెంటీమీటర్లు తక్కువ తేలింది. తప్పు వెళ్ళేటప్పుడే జరిగింది, అక్కడే. అందుకే అక్కణ్ణించి షెడ్డు దాకా పది ఎక్కువ తవ్వించింది. ఆ అంకెని చూస్తే ఆమెకి సిగ్గుకంటే ముందు వింతగా అనిపించింది. ఇన్నాళ్ళూ అది ఇక్కడే కూర్చుని ఉంది, వెతికేవాళ్ళు లేక. తిరిగొచ్చి గేటు రాయి మీద ఆఖరి అంకె చదివి కూడితే ఏడు మిల్లీమీటర్లు తేడా. రబ్బరు జేబులోనే ఉంది. ఏడు అని రాసి, కింద గీత గీసింది.

నాన్న తట్ట మీద కూర్చుని పుస్తకం తీసుకున్నాడు. తువ్వాల్లో చుట్టుకోలేదు. చేతులైనా తుడుచుకోలేదు, అట్ట మీద సిమెంటు వేలిముద్రలు పడ్డాయి. పేజీని చెయ్యి చాచినంత దూరంలో పట్టుకుని, మొదటి అంకె మీద వేలు పెట్టాడు.

"ఇది చూశావా, రాశావా?"

ఆ ప్రశ్న ఆమెకి గుచ్చుకోవాల్సిన చోటే గుచ్చుకుంది. "చూశాను," అంది.

"ఇది?"

"చూశాను నాన్నా."

"రెండో మేకు దగ్గర స్టాండు ఎక్కడ పెట్టావు? నేల ఎలా ఉంది?"

"గట్టు మీద. గట్టిగానే ఉంది, తొక్కి చూశాను."

"తొక్కితే తెలుస్తుందా? గట్టు మొన్న తవ్విన మట్టి కదూ?" వేలు కిందికి జరిగింది. ఒక్క అంకె వదలడం లేదు ఆయన. ఎందుకమ్మ స్టాఫుకి ఆనుకుని, పెదాలు బిగించి, నవ్వు ఆపుకుంటోంది. ఇన్నేళ్ళూ ఫస్టమ్మ కుళ్ళుకుని చచ్చింది దీనికోసమే. దొరికాక తెలుస్తోంది, ఇది ఎంత మంటగా ఉంటుందో. ఇక మీదట నాన్న తన మాటని చూడకుండా జేబులో పెట్టుకోడు. మళ్ళీ అంత నమ్మకం రావడానికి ఎన్ని కాలవలు కావాలో.

"ఐదో మేకు?"

"చూశాను," అనేసి ఆగింది. చదివేటప్పుడు గాలి ఒకసారి గట్టిగా వీచింది, స్టాఫు ఊగింది. ఊగుతుండగానే రాసింది. "చూశాను గాని, స్టాఫు కదులుతోంది నాన్నా. గట్టిగా చెప్పలేను."

నాన్న తల ఎత్తి ఆమె మొహంలోకి చూశాడు. చాలాసేపు చూశాడు, కాలవని చూసినట్టు. పుస్తకం మూసి తిరిగిచ్చాడు.

"మరి?"

ఆమె స్టాండు భుజానికెత్తుకుంది. "మళ్ళీనా!" అని మూలుగుతూ ఎందుకమ్మ స్టాఫు ఎత్తింది. గొడుగు నీడలోంచి సూపర్‌వైజరు గడియారం చూపిస్తూ కాంక్రీటు ఎప్పుడు కలుపుతావని కేకేశాడు.

"ఇంకాస్త ఆగాలి సార్," అన్నాడు నాన్న వెనకనుంచి. "అమ్మాయి ఇంకా చూస్తోంది."